రెండు అర్థాలు పలికే తండ్రీబిడ్డల కవితని విప్పుకోవడం ఎలా?

"సార్, ఇంతకీ ఈ నాన్న మంచోడా, చెడ్డోడా? అదొక్కటి చెప్పండి చాలు."

ఈ ప్రశ్న ఈమధ్య నన్ను వదలడం లేదు. డీఎస్సీకి చదువుకునేవాళ్లు అడుగుతారు, పిల్లల హోంవర్క్ పట్టుకుని తల్లులు అడుగుతారు, ఒంగోలులో ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద కూర్చుని కవితలు చదివే ఏడెనిమిది మందిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అందరిదీ ఒకటే టెన్షన్, తనకి తోచింది తప్పేమోనని. బళ్లో మనకి 'భావం రాయండి' అని నేర్పారు గానీ 'భావాలు రాయండి' అని ఎవరూ అనలేదు కదా, అందుకని రెండు అర్థాలు వచ్చే కవిత కనబడగానే చెయ్యి ఆడదు.

నేను చేసే పద్ధతి ఇక్కడ వరసగా రాస్తున్నాను. అచ్చయిన కవిత తీసుకుంటే రాసినవాళ్ల జీవితం మీదికి మాట పోతుంది, అందుకని కసరత్తు కోసం నేనే ఒకటి రాశాను. గొప్ప కవితేం కాదు, పనికి సరిపోతుంది.

పొద్దుగూకాక
మందు కొట్టి వచ్చాడు నాయన
చొక్కా అంతా అదే వాసన

రెక్క పట్టి లేపాడు
నా కాళ్లు నేల మీద లేవు
దూలం దగ్గరయింది, దీపం ఊగింది
అమ్మ చేటలో బియ్యం అలాగే ఆగిపోయాయి

నాయనా, వదలొద్దు

తెల్లారి చూసుకుంటే
రెక్క మీద నాలుగు వేళ్లు
ఎర్రగా
ఇంకా పట్టుకునే ఉన్నాయి

ఒకసారి చదివి మీకు మొదట ఏం తోచిందో పక్కన ఒక్క ముక్కలో రాసిపెట్టుకోండి. చివర్లో పనికొస్తుంది.

1. కూర్చునే ముందు

కావాల్సినవి తక్కువే:

- కవిత మొత్తం మీ చేత్తో రాసుకున్న కాగితం, వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ల ఖాళీతో
- రెండు రంగుల పెన్నులు
- ఒక నిఘంటువు. పుస్తకం లేకపోతే ఆంధ్రభారతి సైట్‌లో మాట కొడితే చాలా నిఘంటువుల అర్థాలు ఒక్కచోటే వస్తాయి
- నలభై నిమిషాలు, ఫోన్ పక్క గదిలో

చేత్తో రాసుకోవడం దగ్గర చాలామంది బద్ధకిస్తారు, స్క్రీన్‌షాట్ చాలదా అంటారు. చాలదు. రాసేటప్పుడు చెయ్యి అప్పుడప్పుడూ లేని మాట కలిపేస్తుంది. మా వాళ్లలో ఒకావిడ "నాయనా, వదలొద్దు అన్నాను" అని రాసుకుంది. 'అన్నాను' కవితలో ఎక్కడుంది? లేదు. ఆ కలిపిన మాటే ఆవిడ వ్యాఖ్యానం, తనకి తెలియకుండానే జరిగిపోయింది. రాసుకున్నాక అసలుతో ఒకసారి సరిచూసుకోండి, ఎక్కడ తేడా పడిందో అక్కడే మీ మనసు ముందుగా తీర్పు ఇచ్చేసిందన్నమాట.

కవి ఎవరు, ఎప్పుడు రాశాడు, ఎవరికి అంకితం ఇచ్చాడు అనేవి ఇప్పుడే చూడకండి. తర్వాత చూడొచ్చు.

2. మూడుసార్లు చదవండి, మూడు రకాలుగా

మొదటిసారి కళ్లతో.

రెండోసారి పైకి, నిదానంగా, వరస చివర ఆగుతూ. ఎక్కడ ఆగితే అర్థం మారుతుందో గమనించండి. ఈ కవితలో 'ఎర్రగా' ఒంటరిగా నిలబడి ఉంది. దాన్ని పై వరసతో కలిపితే వేళ్ల రంగు, కింది వరసతో కలిపితే పట్టుకున్న తీరు.

మూడోసారి రెండు గొంతులతో. ముందు భయపడిన బిడ్డలా చదవండి, తర్వాత కేరింతలు కొట్టే బిడ్డలా చదవండి, ఇంట్లో వాళ్లు చూసి నవ్వినా సరే. ఏ వరస ఏ గొంతుకి లొంగడం లేదో దాని కింద ఒక రంగు గీత. రెండు గొంతులకీ హాయిగా లొంగిపోయే వరస కింద రెండో రంగు. ఆ రెండో రంగు గీతల మీదే మీ పనంతా ఉంటుంది.

3. పంచనామా రాయండి

జరిగింది మాత్రమే రాయాలి. 'పాపం', 'కసిగా', 'ప్రేమగా' లాంటివి ఒక్కటీ రాకూడదు.

- చీకటి పడ్డాక తండ్రి ఇంటికి వచ్చాడు
- చొక్కాకి మందు వాసన
- బిడ్డని రెక్క పట్టి లేపాడు
- బిడ్డకి దూలం దగ్గరయింది, దీపం ఊగింది
- తల్లి చేటలో బియ్యం కదలడం ఆగింది
- ఎవరో 'నాయనా, వదలొద్దు' అన్నారు
- మర్నాడు రెక్క మీద నాలుగు వేళ్ల గుర్తులు

ఇప్పుడు లేనివి కూడా రాయండి. కొట్టాడని లేదు. ఏడుపు లేదు, నవ్వు లేదు. బిడ్డ వయసు లేదు. ఇంకోటుంది, మేడ మీద కూర్చున్న అందరూ జారిపోయింది ఇక్కడే: కొడుకో కూతురో లేదు. 'వచ్చాడు, వచ్చింది' అన్నప్పుడు తెలుగులో తేడా తెలుస్తుంది గానీ, 'నేను' అని చెప్పుకునేటప్పుడు తెలియదు. అబ్బాయైనా అమ్మాయైనా 'చూసుకున్నాను' అనే అంటారు. మావాళ్లందరూ 'కొడుకు' అనుకుని అరగంట మాట్లాడారు, ఎవరూ ఎందుకని అడగలేదు.

4. మాట్లాడేది ఎవరో తేల్చండి, తేలకపోతే తేలలేదని రాయండి

'నాయనా, వదలొద్దు.'

నెల్లూరులోనూ మా ప్రకాశంలోనూ తండ్రిని నాయన అంటాం. అదే నోటితో బిడ్డనీ 'నాయనా' అంటాం. "రా నాయనా, అన్నం తిందువు" అని పెద్దవాళ్లు పిల్లల్ని పిలవని ఊరుందా? 'నాన్నా' కూడా అంతే, 'అమ్మా' కూడా అంతే. ఇది మన భాషలో ఉన్న సొగసు, తండ్రీబిడ్డల కవితకి ఇంతకంటే మంచి ఇరకాటం దొరకదు.

కాబట్టి ఈ వరసని మూడు రకాలుగా పెట్టి చూడండి.

బిడ్డ తండ్రితో అంటే: పైన ఉన్నాను, పడిపోతాను, పట్టుకో. భయం ఉంది, కానీ ఆ భయంలో తండ్రి మీదే ఆధారం ఉంది. కొట్టే చేతిని ఎవరూ 'వదలొద్దు' అనరు, 'వదులు' అంటారు. ఆట అనే పక్షానికి ఇది గట్టి బలం.

తండ్రి బిడ్డతో అంటే: దూలాన్నో నా మెడనో పట్టుకో, వదలొద్దు. ఆట ఇంకా ఖాయమవుతుంది. లేదంటే తాగి తూలుతున్న మనిషి తనే బిడ్డని ఊతగా పట్టుకుని బతిమాలుతున్నాడు. ఇలా చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

తల్లి అంటే? అసాధ్యం కాదు, పై వరసలో ఉన్నది ఆవిడే. కాకపోతే భర్తని ఆవిడ 'నాయనా' అని పిలవదు, బిడ్డనే అంటుంది. "గట్టిగా పట్టుకో నాయనా, వదలొద్దు" అని.

కవితలో కొటేషన్ గుర్తులు లేవు, 'అన్నాను' లేదు. అంచేత ఒకరిని తేల్చే ఆధారం లేదు. ఇలాంటి చోట "బిడ్డ అంటున్నట్టు అనిపిస్తుంది, తండ్రి అన్నా అతుకుతుంది" అని రాస్తే మార్కులు పోతాయనుకుంటారు. నేనైతే పేపర్ దిద్దేటప్పుడు ఆ వాక్యానికే టిక్కు పెడతాను.

5. విడిపోయే మాటలు పట్టుకోండి

రెండు అర్థాల కవిత అంటే కవితంతా మంచు కప్పినట్టు ఉంటుందని కాదు. ఏ నాలుగైదు మాటల దగ్గరో దారి చీలుతుంది, మిగతాదంతా మామూలుగానే ఉంటుంది. ఆ మాటలు దొరకబుచ్చుకోవాలి.

మందు. సారా, పురుగుమందు, డాక్టరిచ్చే మందు, మూడూ మందే. 'మందు కొట్టడం' అంటే తాగడమూ అవుతుంది, మిరపకో పొగాకుకో స్ప్రే చేయడమూ అవుతుంది. పట్నంలో పెరిగినవాళ్లకి మొదటిదే వినిపిస్తుంది, దర్శి వైపో పొదిలి వైపో మిరప వేసిన ఇంట్లో పెరిగినవాళ్లకి రెండోది. ఇద్దరిలో ఎవరూ తప్పు చదవడం లేదు.

లేపాడు. పైకి ఎత్తాడా, నిద్ర లేపాడా?

రెక్క. మా వైపు చెయ్యిని రెక్క అంటాం, 'రెక్కాడితే గానీ డొక్కాడదు' అన్నచోటా అదే. కానీ పక్షి రెక్క కూడా పక్కనే వచ్చి కూర్చుంటుంది. కాళ్లు నేల మీద లేవు, రెక్క ఉంది, అంటే ఎగురుతున్నట్టే. సంతోషం. ఒక్క నిమిషం ఆగండి, కోడిని ఎలా పట్టుకుంటారు? రెక్కలు పట్టే లేపుతారు. ఎందుకు లేపుతారో మీకు తెలుసు.

నేల మీద లేవు. సంబరం పట్టలేనప్పుడు కాలు నేల మీద నిలవదంటాం. ఇక్కడ నిజంగానే కాళ్లు గాల్లో ఉన్నాయి.

ఒక్కో మాటకీ కాగితం మీద రెండు గళ్లు గీసి, ఎడమ గడిలో ఒక అర్థం, కుడి గడిలో రెండోది రాసుకోండి. తర్వాత ఎడమ గళ్లన్నీ కలిపి పైనుంచి కిందికి చదవండి, కుడివన్నీ కలిపి చదవండి. రెండూ రెండు పూర్తి కథలైతే కవిత నిజంగా రెండు అర్థాలదే. ఒకటి మధ్యలో తెగిపోతే అది మీరు పొరబడ్డ అర్థం.

6. సాక్ష్యం తూచండి

రెండు అర్థాలు ఉన్నాయి కదా అని ఏదైనా చెప్పేయొచ్చనుకోవద్దు. కొన్ని అర్థాలు నిలబడవు, వాటిని తీసెయ్యాలి.

'లేపాడు' అంటే నిద్ర లేపాడు అనే అర్థం చూడండి. అమ్మ చేతిలో చేట ఉంది, బియ్యం ఇంకా చెరుగుతోంది, ఎసట్లో పడలేదు. అన్నమే కానప్పుడు బిడ్డ పడుకుని ఉండడం కష్టం. పైగా దూలం దగ్గరవ్వాలంటే ఎత్తాలి. అంచేత నిద్ర లేపడం అనే అర్థాన్ని పెన్సిల్‌తో కొట్టేయండి. ఇలా ఒక అర్థాన్ని కారణం చెప్పి కొట్టేయడం కూడా వ్యాఖ్యానమే, దాన్నీ జవాబులో రాయొచ్చు.

దీపం ఎందుకు ఊగింది? ఎత్తినప్పుడు తగిలి వేలాడే లాంతరు ఊగి ఉండొచ్చు. లేదా దీపం కదల్లేదు, ఊగుతున్నది బిడ్డ. ఉయ్యాల ఎక్కినవాడికి చెట్టే ఊగుతున్నట్టు ఉంటుంది చూడండి, అలా.

చేటలో బియ్యం ఆగిపోయాయని ఉంది గానీ అమ్మ ఆగిందని లేదు, అమ్మ ముఖం అసలు కనిపించదు. బెదిరి ఆగిందా, మురిసి ఆగిందా, దూలం తలకి తగులుతుందేమోనని ఆగిందా? తేలదు. తేలదని రాయండి.

ఇక చొక్కా. తాగినవాడి దగ్గర వాసన ముందు నోట్లోంచి వస్తుంది. ఇక్కడ 'చొక్కా అంతా' అంటున్నారు. నేను మేడ మీద ఇది చదివిన రోజు టంగుటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్లు పొగాకు వేసిన మనిషి, అప్పటిదాకా గోడకానుకుని వింటూ ఉన్నాడు. మేమందరం తాగుడు గురించి తెగ మాట్లాడుకుంటుంటే ఉండబట్టలేక అన్నాడు: "ఏం సార్, మీరెప్పుడైనా ట్యాంకు వీపునేసుకున్నారా? మూత దగ్గర కారతంటది. వీపంతా తడుస్తది. నాలుగుసార్లు ఉతికినా ఆ కంపు పోదు."

'అంతా' అనే ఒక్క మాటకి అంత బరువుందని మాలో ఎవరికీ తట్టలేదు. దీంతో తాగుడు పక్షం ఓడిపోయిందా అంటే లేదు, ఒంటి మీద ఒలకబోసుకునేవాళ్లూ ఉంటారు. కానీ తక్కెడ ఒకవైపు వంగింది. ఎంత వంగిందో అంతే చెప్పాలి.

7. వేళ్ల దగ్గర ఆగండి

ఈ అడుగు మీద ఎక్కువ సేపు కూర్చోండి. ఏ కవితలోనైనా చివరి బొమ్మ దగ్గర ఇలాగే.

మన అలంకారశాస్త్రంలో దీనికి పనిముట్టు తయారుగా ఉంది: అభిధ, లక్షణ, వ్యంజన. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని గురించి, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం గురించి చెప్పిన దగ్గర్నుంచీ పండితులు అరగదీసిన ఉదాహరణ ఒకటుంది, 'గంగలో పల్లె'. నీళ్లలో పల్లె ఉండదు, కాబట్టి మాటకున్న నేరు అర్థం అభిధ పనిచేయదు. గంగ ఒడ్డున అని సర్దుకుంటాం, అది లక్షణ. మరి 'ఒడ్డున' అనే చెప్పొచ్చుగా? గంగలో అనడం వల్ల ఆ చల్లదనం, పవిత్రత స్ఫురిస్తాయి, అది వ్యంజన.

ఇప్పుడు 'నాలుగు వేళ్లు ఇంకా పట్టుకునే ఉన్నాయి' తీసుకోండి. తెల్లారేసరికి రెక్క మీద తండ్రి వేళ్లు ఉండవు. అభిధ కుదరలేదు. వేళ్ల గుర్తులు అని సర్దుకుందాం, లక్షణ. మరి గుర్తులు అనకుండా వేళ్లే పట్టుకుని ఉన్నాయని ఎందుకన్నట్టు? ఇక్కడ వ్యంజన రెండుగా చీలుతుంది. వదలని ప్రేమ ఒకటి, వదలని భయం ఒకటి.

తర్వాత కొలతలు. చెంపదెబ్బ పడినా నాలుగు వేళ్లే తేలతాయి, గట్టిగా పట్టుకున్నా నాలుగు వేళ్లు ఒకవైపు తేలి బొటనవేలు అవతలి వైపు పడుతుంది. మీ ఎడమ రెక్కని కుడి చేత్తో పట్టుకుని చూడండి, ఇప్పుడే. 'పట్టి' అని పైన ఉంది కాబట్టి ఇది పట్టు గుర్తే. కానీ మామూలుగా పట్టుకుంటే ఆ ఎరుపు కాసేపట్లో పోతుంది. తెల్లారిదాకా ఉందంటే గట్టి పట్టే. పడిపోకుండా గట్టిగా పట్టుకున్నాడా, కోపంతోనా?

నా లెక్క ఇక్కడితో అయిపోయింది. పెద్దాయనది అవలేదు. చెప్పులేసుకుని మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మందు కొట్టి చేతులు కడుక్కోకుండా పిల్లోడిని ఎత్తుకుంటే తెల్లారేసరికి అట్టాగే ఎర్రగా దద్దురు లేస్తది సార్. మా పెద్దోడికి లేచింది."

రాసింది నేను. నాకే ఆ అర్థం తెలియదు. కానీ కాగితం మీద పెట్టి చూడండి, మందు ఉంది, చొక్కా అంతా వాసన ఉంది, ఎరుపు ఉంది, ఒక్క మాటా అడ్డం రాదు. కొట్టనూ లేదు, తాగనూ లేదు, చేతులు కడుక్కునేంత ఓపిక కూడా లేకుండా బిడ్డ దగ్గరికి వచ్చాడంతే. 'కవి హృదయం ఏమిటి' అని అడిగేవాళ్లకి నేను ఇప్పుడు ఈ కథే చెబుతున్నాను.

8. ఎక్కువమంది చేసే తప్పులు, సర్దుకునే దారి

మీ నాన్నని కవితలోకి తెచ్చి కూర్చోబెట్టడం. అందరం చేస్తాం. అందుకే మొదట్లో ఒక్క ముక్క రాసిపెట్టుకోమన్నాను, ఇప్పుడు తీసి చూడండి. దానికి కవితలో ఏ మాట ఆధారం? ఒక్కటీ లేకపోతే అది మీ ఇంటి సంగతి. దాచుకోండి, జవాబులో వద్దు.

దీపమంటే జ్ఞానం, దూలమంటే సమాజం, చేటంటే స్త్రీ జాతి అనుకుంటూ పోవడం. గైడ్ పుస్తకాల జబ్బు ఇది. వస్తువుని ముందు వస్తువుగా చూడండి. దూలం తలకి తగిలే ఎత్తులో ఉందా లేదా, అది ముందు.

దూరపు అర్థాలని లాక్కురావడం. 'నాలుగు వేళ్లు నోట్లోకి పోవడం' అనే నానుడి ఉంది కాబట్టి ఇది కూటి కోసం కష్టపడే తండ్రి కథ అని ఒకరన్నారు. బియ్యం ఉన్నాయి కదా అన్నారు. తీసిపారేయలేను గానీ నేనైతే దాని మీద బరువు పెట్టను, ఇక్కడి వేళ్లు రెక్క మీద ఉన్నాయి, నోటి దగ్గర లేవు.

తీర్పు చెప్పడం. 'ఇలాంటి తండ్రులు మారాలి' అని ముగిస్తే అది వ్యాసరచన పోటీ.

'పాఠకుల ఊహకే వదిలేశారు' అని చేతులు దులుపుకోవడం. ఏ మాట దగ్గర వదిలేశారో చెప్పకపోతే ఆ వాక్యానికి విలువ లేదు.

9. రాయడం

రాసే ముందు ఒకసారి చూసుకోండి:

- పంచనామాలో విశేషణం ఒక్కటైనా దూరిందా?
- దారి చీలే మాటలు కనీసం మూడు దొరికాయా?
- ఒక అర్థాన్నయినా కారణం చెప్పి కొట్టేశారా?
- రెండు కథలూ చివరి వరస దాకా వస్తున్నాయా?
- ఎటు మొగ్గుతున్నారో, ఎంత మొగ్గుతున్నారో ఉందా?

తర్వాత రెండో అర్థంతో మొదలుపెట్టండి, అంటే మీకు నచ్చనిదానితో. నచ్చినదాన్ని ముందు రాస్తే రెండోది ఎప్పుడూ తోకలా మిగిలిపోతుంది. నమూనాకి ఒకటి:

"మందు అన్న మాట వల్ల తండ్రి తాగి వచ్చాడనీ, రెక్క పట్టి లేపడం దౌర్జన్యమనీ చదవొచ్చు. మర్నాటి ఎరుపు ఆ భయాన్ని బలపరుస్తుంది. కానీ వాసన చొక్కా అంతా ఉండడం, 'వదులు' అనకుండా 'వదలొద్దు' అనడం పొలం నుంచి వచ్చి బిడ్డని ఎత్తుకున్న తండ్రిని చూపిస్తాయి. 'నాయనా' అన్నది ఎవరో కవిత చెప్పదు. పట్టుకునే ఉన్న వేళ్లు ప్రేమకీ గాయానికీ ఒకటే గుర్తు. నేను ఆట వైపు మొగ్గుతాను గానీ, ఆ ఎరుపుని తుడిచేయలేను."

5 మార్కుల ప్రశ్నకి ఇది చాలు. 10 మార్కులైతే దీపాన్నీ చేటనీ కూడా కలపండి.